ఐదో బోల్టు

జూలై చలి.
నది తన ఆవిరంతా పైసాందూ ఊరి మీదికి తోలేసిన పొద్దున
బిదెగైన్ తన పాత పెజో తెచ్చి
నా షెడ్డు గుమ్మానికి అడ్డంగా ఆపాడు.
"బంపరు పట్టీ కుడి కొసన నాలుక చాపింది, వల్కీరియా.
గతుకు వచ్చినప్పుడల్లా రోడ్డును నాకుతోంది."

డెబ్బై నాలుగు మోడలు. నాకంటే నాలుగేళ్లు పెద్దది.
క్రోమ్‌లో ఇంకా ముఖం చూసుకోవచ్చు,
కాస్త పొడుగ్గా, కాస్త ఎవరిదోలా.

అట్టముక్క పరుచుకుని కిందికి దూరాను.
బంపరుకి ముందు మొహం పెళ్లిది, వెనక మొహం వంటింటిది:
మసి, మడ్డి, కందిరీగ కట్టి వదిలేసిన గూడు.
రబ్బరు పట్టీ వీపున ఇనప గాడి.
గాడిలో తలలు ఇరికించుకుని ఐదు బోల్టులు
కన్నాల్లోంచి మెడలు చాచి నట్టులు తొడుక్కోవాలి.
అదీ లెక్క.

కుడి పక్క రెండూ ఎప్పుడో పోయాయి.
కన్నాల్లో గోధుమరంగు పొడి, ముక్కుపొడుం లాంటిది.
నడిమిదానికి నూనె పోసి రాత్రంతా నానబెట్టాను.
మంట పెట్టడానికి లేదు, పక్కనే రబ్బరు.
తెల్లారి స్పానర్ వేసి
ఇటు పావు వంతు, అటు పావు వంతు,
బతిమాలితే వస్తుందేమోనని.
టప్.
నాలుగోది ఆ మాత్రం చప్పుడైనా చేయలేదు.

ఐదోది, ఎడమ కొసన.
లైటు అటు తిప్పాను.
బోల్టు కాదు.
కంచె తీగ.
రెండు పేటలుగా మెలిపెట్టి, కొస లోపలికి వంచి,
మెలిక ఎడమచేతి వాటం.

నాది.

దొంగకి తేలు కుట్టినట్టు
బండి కింద అలాగే పడుకుండిపోయాను.

అప్పుడు పదిహేనేళ్లు. ఇదే షెడ్డు, ముసలి ఇతురాల్దెది.
ఆయన ఆ మధ్యాహ్నం పన్ను పీకించుకోడానికి పోతూ
"బోల్టు బిగించి ఉంచు" అన్నాడు.
బిగించాను. ఇంకా బిగించాను.
విరిగి చేతిలోకొచ్చింది.
ఉన్నది ఆ ఒక్కటే, రాజధాని నుంచి బస్సులో తెప్పించింది.
వెనక దొడ్లో గుర్రాల కంచె ఉంది.
పటకారు ఉంది. భయం ఉంది.
బుగ్గ వాచి తిరిగొచ్చినాయన
పట్టీ పట్టుకుని ఊపాడు. కదల్లేదు.
బిల్లులో రాశాడు: బోల్టు, ఒకటి.
బిదెగైన్ వేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఇరవై ఆరేళ్లు.
ఇతురాల్దె పోయాడు. గుర్రాలు పోయాయి, కంచే పోయింది.
ఫ్రాన్సులో పుట్టిన అసలు బోల్టులు నాలుగూ పోయాయి.
తీగ మీద జింకు పూత చెక్కు చెదరలేదు.
నవ్వొచ్చింది.
మోచెయ్యి సైలెన్సరుకి కొట్టుకుంది.

కొత్తవి చేశాను.
తుప్పెక్కని ఆరు మిల్లీ బోల్టులు,
గుండ్రటి తలల్ని రెండు పక్కలా ఆకురాయితో రాసి
గాడికి సరిపడేలా పలక చేశాను.
గాడి అంచు చిరిగినచోట రేకుముక్క అతికాను.
సబ్బునీళ్లు పూసి ఒక్కొక్కటే జరిపితే
మొండి పిల్లల్లా వెళ్లి ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు.
ప్రతి నట్టు కిందా రబ్బరు వాషరు.
మరలకి రాగి గ్రీజు,
రేపెప్పుడో విప్పబోయేవాడి మీద జాలితో.

మర్నాడు బిదెగైన్ చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్రతో వచ్చాడు.
బంపరు చుట్టూ తిరిగాడు, బూటు కొసతో తట్టాడు.
"వంతెన ఎక్కగానే ఎడమ పక్క సన్నగా మోగేది ఇన్నేళ్లూ.
బండికి గాలి నచ్చిందనుకునేవాణ్ణి."

నోరు తెరిచాను.
అతను మాతే అందించాడు.
వేడి చేదు. గుక్క మింగేసరికి
మాట కూడా దాంతోపాటే దిగిపోయింది.

నాలుగింటికే బిల్లు రాశాను.
కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. "ఐదు కదా?"
"ఒకదానికి ముందే కట్టేశారు."

ఎప్పుడో గుర్తు తెచ్చుకుంటూ
చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, టోపీ చేతిలో.
తీగ నా జేబులో ఉంది,
నడిస్తే తొడకి గుచ్చుకుంటోంది.